తెలుగు చార్టులకు, వర్క్‌షీట్లకు ఏ ఫాంటు, ఏ ఉచిత టూల్? ఒక తెలుగు టీచర్ సమాధానం

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. మండల పరిషత్ బడిలో ఒకటి, రెండు తరగతులకు చెప్తారు. ఫ్లాష్‌కార్డులు, చార్టులు, వర్క్‌షీట్లు తెలుగులో సొంతంగా చేసుకోవాలని ఉంది. ‘స్టైలిష్ టెక్స్ట్’ వెబ్‌సైట్లలో తెలుగు పేస్ట్ చేస్తే ఏమీ మారడం లేదు. ఇంగ్లిష్‌కి ఉన్నట్టు చుక్కల అక్షరాలు తెలుగులో దొరకడం లేదు. ఒత్తుకు మాత్రమే వేరే రంగు వేయాలంటే కుదరడం లేదు. చేతి డబ్బు పడకుండా ఏం చేయొచ్చు?

ముందు జవాబు చెప్పేస్తాను. చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు నోటో సాన్స్ తెలుగు గానీ, అనేక్ తెలుగు గానీ ఏదో ఒక్క ఫాంటు తీసుకోండి. ఏడాదంతా అదే వాడండి. కార్డులు, చార్టులు గూగుల్ స్లైడ్స్‌లో చేసుకోండి. ఒత్తుల రంగుకీ, చుక్కల అక్షరాలకీ ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ప్రింటుకి ఇచ్చేది ఎప్పుడూ పీడీఎఫ్ మాత్రమే. స్టైలిష్ టెక్స్ట్ సైట్ల సంగతి మర్చిపోండి, వాటితో తెలుగుకి పని జరగదు.

నేను హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌ని. డీఎస్సీలో ఉద్యోగం రాకముందు ఒంగోలులో ఒక ప్రెస్సులో మూడేళ్లు డీటీపీ చేశాను. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు ఓటరు స్లిప్పులు, అన్నీ కొట్టాను. కాబట్టి ఫాంట్ల పిచ్చి పాతదే. కింద రాసేదంతా చేసి చూసినవి, చేసి చెడగొట్టుకున్నవి.

ఆ స్టైలిష్ టెక్స్ట్ సైట్లు ఎందుకు పనిచేయవంటే

వాటిలో నిజానికి ఫాంటే ఉండదు. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో చోటు కేటాయించే ప్రమాణం అది) లెక్కల పుస్తకాల అవసరం కోసం ఇంగ్లిష్ అక్షరాలకు లావు రూపం, వాలు రూపం, గొలుసుకట్టు రూపం ఇలా విడివిడిగా చోట్లు ఇచ్చారు. ఆ సైటు చేసేది ఒక్కటే: మీరు కొట్టిన మామూలు ఇంగ్లిష్ అక్షరం తీసేసి, దాన్ని పోలిన ఆ లెక్కల గుర్తును అక్కడ పెడుతుంది. తెలుగు అక్షరాలకు అలాంటి మారురూపాలు యూనికోడ్‌లో లేవు. ‘అ’కి ఒక్కటే చోటు. మార్చడానికి ఏమీ లేదు కాబట్టి మీరు పేస్ట్ చేసింది అలాగే తిరిగొస్తుంది. తప్పు మీది కాదు.

ఇంగ్లిష్ చార్టులకు కూడా వాటిని వాడొద్దనే నా సలహా. చూపు సరిగా లేని పిల్లలు ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటే, అది పదం చదవకుండా ‘మ్యాథమెటికల్ బోల్డ్ క్యాపిటల్’ అంటూ ఒక్కో గుర్తు పేరూ చదువుతుంది, లేదా అసలు వదిలేస్తుంది. మా ఎనిమిదో తరగతి మగపిల్లలు ఫోన్ గేముల్లో పేర్లు పెట్టుకోవడానికి ఈ సైట్లే వాడతారు. వాళ్లకి అది చాలు.

పాత డీటీపీ ఫాంట్ల ఉచ్చు

ఇది చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే చాలామంది టీచర్లు ఇక్కడే పడతారు. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పని చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. నేనూ అందులోనే చేయి తిప్పాను. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలుండాల్సిన చోట్ల తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. తలకట్టు ఒక మీట, దీర్ఘం ఒక మీట, ఒత్తు ఒక మీట. తెర మీద తెలుగు కనిపిస్తుంది కానీ కంప్యూటర్ లెక్కలో అది తెలుగు కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తలా తోకా లేని గీతలు కనిపిస్తాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మొదటి టీఎల్ఎం (బోధన సామగ్రి) మేళాకి నేనే ఈ పని చేశాను. పాత అలవాటుతో నలభై కార్డులు అను ఫాంటులో కొట్టి, పెన్ డ్రైవ్‌లో వేసుకుని మండల కేంద్రానికి వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో ఒక్క కార్డూ తెరుచుకున్నట్టు తెరుచుకోలేదు. ‘ఏంటి మాస్టారూ, ఏ భాష ఇది?’ అని పక్క బడి మేడం అడిగితే చెప్పలేకపోయాను.

తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు మన కంప్యూటర్లలోకి వచ్చేసింది. తర్వాత వాని, నిర్మలా వచ్చాయి. కొందరు తెలుగువాళ్లు సొంతంగా కూడా చేశారు. దేశికాచార్యులు గారు చేసి ఉచితంగా పంచిన పోతన, వేమన ఫాంట్లు వాడి చాలామంది కంప్యూటర్‌లో తెలుగు చూడటం మొదలుపెట్టారు. యూనికోడ్‌లో కొట్టిన ‘అమ్మ’ ఏ ఫోన్‌లో తెరిచినా ‘అమ్మ’గానే ఉంటుంది. ఫాంటు మారితే దుస్తులు మారతాయి గానీ మనిషి మారడు.

పాఠ్యపుస్తకాల పీడీఎఫ్ నుంచి పేరా కాపీ చేస్తే గజిబిజి వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే, ఆ పేజీలు పాత రకం ఫాంట్లతో కూర్చినవి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే ఉచిత కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాడండి. కానీ మార్చాక ఒకసారి చదవండి, ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. రెండు పేరాలే అయితే మళ్లీ టైప్ చేసుకోవడమే నయం. ఫోన్‌లో జీబోర్డు (గూగుల్ కీబోర్డు) పెట్టుకుని నోటితో చెప్పినా పడుతుంది. కంప్యూటర్ మీదైతే లేఖిని అనే ఉచిత వెబ్‌సైటు ఉంది, విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఇస్తున్నారు.

ఇక ఫాంటు ఎంపిక

గూగుల్ ఫాంట్స్‌లో భాష దగ్గర తెలుగు అని పెడితే ఉచిత ఫాంట్లన్నీ ఒకే చోట కనిపిస్తాయి. వాటిలో చాలావరకు సిలికానాంధ్ర విడుదల చేసినవి. పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, సురవరం, మల్లన్న, రామభద్ర, మండలి. భువనవిజయం మొత్తం ఫాంటు మెనూలో కూర్చున్నట్టు ఉంటుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు అష్టదిగ్గజాల సంగతి చెప్పినప్పుడు, ఏ కవి పద్యాన్ని ఆ కవి పేరున్న ఫాంటులో కొట్టి గోడకి అంటించమన్నాను. పేర్లు గుర్తుపెట్టుకోవడానికి అంతకంటే తేలిక మార్గం నాకు తట్టలేదు.

కానీ మీ ఒకటో తరగతికి ఇవి వద్దు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిది. ఒకటో తరగతి పిల్లకి చార్టు మీద కనిపించేది అలంకారం కాదు, అదే అక్షరం. ‘మ’ అంటే ఇలా ఉంటుందని ఆ పిల్ల అప్పుడే నమ్ముతుంది. పెద్దవాళ్లం మనం ఏ వంకర రాతనైనా సందర్భం బట్టి చదివేస్తాం. పిల్లకి ఆ వెసులుబాటు ఉండదు.

నా అనుభవమే చెప్తాను. ప్రాథమిక తరగతులు కూడా ఉన్న బడిలో పనిచేసినప్పుడు, వర్ణమాల చార్టు అందంగా ఉండాలని ఒక అలంకార ఫాంటులో చేశాను. చేతిరాతలా, తోకలతో, చూడముచ్చటగా వచ్చింది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. వారం తర్వాత చూస్తే ఒక పాప పలక మీద ‘య’కి ఒక తోక తగిలించి రాస్తోంది. ‘ఇదేంటమ్మా?’ అంటే చార్టు చూపించింది. ఆ రోజే చార్టు దింపేశాను.

తెలుగులో పోలికలు ఎక్కువ. మ–య, ప–వ–ష, బ–భ, ద–ధ–థ, ర–ఠ, చ–ఛ, ఎ–ఏ, ఒ–ఓ. వీటి మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క, తలకట్టు అంటుకుందా లేదా అన్నంత మాత్రమే. ఫాంటు ఆ తేడాని దాచేస్తే బాగా చదివే పిల్లలు కూడా తికమకపడతారు. మొ, మో, యొ, యో, హో లాంటివి ఫాంటుకో తీరుగా ఉంటాయి. రావత్తు కొన్నిట్లో అక్షరాన్ని ఎడమ కింద నుంచి చుట్టుకుంటుంది, కొన్నిట్లో కుడివైపు కింద కూర్చుంటుంది. రెండూ తప్పు కాదు. మీ పిల్లల వాచకంలో ఏది ఉందో అదే మీ కార్డులోనూ ఉండాలి.

కొత్త ఫాంటు గానీ, కొత్త టూల్ గానీ ముందుకొస్తే నేను ఈ పదాలు కొట్టి చూస్తాను: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న, హృదయం, మొగ్గ, యోగి, రథం, కంఠం, క్రౌంచం. ఒత్తు విడిపోయి పక్కకు వచ్చినా, పొల్లు విడిగా కనిపించినా, రెండు ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడినా ఆ టూల్ పక్కన పెట్టేయండి. రెండు నిమిషాల పని, తర్వాత రెండు గంటలు మిగులుతాయి.

నోటో సాన్స్, అనేక్ రెండూ ఎందుకు చెప్పానంటే, వాటిలో సన్నం నుంచి లావు దాకా నిజమైన బరువులున్నాయి. దీని అవసరం ఎక్కడంటే బోల్డ్ మీట దగ్గర. పైన చెప్పిన కవుల ఫాంట్లలో చాలావాటికి ఒకే బరువు ఉంటుంది. మీరు బి మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ తనే గీతలన్నీ ఉబ్బించి దొంగ బోల్డ్ తయారు చేస్తుంది. అప్పుడు ‘ఠ’ మధ్యలో చుక్క మూసుకుపోయి ‘ర’లా కనిపిస్తుంది. ‘థ’కి అదే గతి. దాన్ని జిరాక్స్ తీస్తే ఇక చెప్పక్కర్లేదు. లావు అక్షరం కావాలంటే లావు రకం ఉన్న ఫాంటులో ఆ బరువును ఎంచుకోండి. హింద్ గుంటూరుకీ, బాలూ తమ్ముడు 2కీ కూడా నిజమైన బరువులున్నాయి. తమ్ముడు గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. శీర్షికలకు, తరగతి గది తలుపు మీద పేరుకు నాకు ఇష్టం. పిల్లలు చదివే పాఠానికి మాత్రం వద్దు.

అచ్చు పుస్తకంలా గీతల్లో సన్నం, లావు తేడా ఉన్న అక్షరం కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు, టీరో తెలుగు ఉన్నాయి. మూడో తరగతి నుంచి కథల కార్డులకు అవి హాయిగా ఉంటాయి. ఇటాలిక్ మాత్రం నొక్కకండి. వాలు అక్షరం మన పిల్లలు ఎక్కడా చూడరు.

సైజు, వరుసల మధ్య ఖాళీ

ఇంగ్లిష్ వర్క్‌షీటు కొలతలు తెలుగుకి సరిపోవు. పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. వరుసల మధ్య ఖాళీ కనీసం 1.5 పెట్టండి, చిన్న తరగతులకు 2 పెట్టినా ఎక్కువ కాదు. ఇంకో సంగతి, 72 పాయింట్లంటే ఒక అంగుళం అని లెక్క కదా అని 72 పెట్టేస్తాం. ఆ అంగుళం అక్షరానిది కాదు, గుళ్లకీ ఒత్తులకీ చోటు కలుపుకున్న మొత్తం పెట్టెది. అసలు ‘క’ అందులో సగమో కాస్త ఎక్కువో ఉంటుంది. గోడ చార్టుకి నేను 200కి తక్కువ పెట్టను. ప్రింటు తీశాక చివరి బెంచీలో కూర్చుని చూడండి. మీరు కాదు, ఆ బెంచీలో కూర్చునే పిల్లాడు చదవాలి.

గూగుల్ స్లైడ్స్ ఎందుకు, ఎలా

కాన్వా ఉండగా స్లైడ్స్ ఎందుకు అంటారేమో. కాన్వా మంచిదే. బడి టీచర్లకు ఎడ్యుకేషన్ ఖాతా ఉచితంగా ఇస్తారు, మీరు టీచర్ అని రుజువు చూపిస్తే సరిపోతుంది. బొమ్మలు బోలెడు. కానీ కాన్వా తెరిస్తే నా సాయంత్రం మొత్తం బొమ్మలు వెతకడానికే పోతుంది, కార్డు మీద పదం మాత్రం మూలన చిన్నగా మిగిలిపోతుంది. ఉచిత ఖాతాలో కిరీటం గుర్తున్న బొమ్మ పెట్టేసి చివర్లో డబ్బు అడిగితే ఉసూరుమనడం ఇంకోటి. అందుకే పోస్టర్లకు కాన్వా, రోజువారీ కార్డులకు స్లైడ్స్.

స్లైడ్స్‌లో పేజ్ సెటప్‌కి వెళ్లి కస్టమ్ అని 21 సెంటీమీటర్లు, 29.7 సెంటీమీటర్లు పెడితే ఏ4 అవుతుంది. రెండు నిలువు వరుసలు, నాలుగు అడ్డ వరుసలతో టేబుల్ పెట్టండి, ఎనిమిది కార్డులు. ఫాంట్ల జాబితా పైన ‘మోర్ ఫాంట్స్’ నొక్కి, స్క్రిప్ట్ దగ్గర తెలుగు ఎంచుకుంటే మన ఫాంట్లు వస్తాయి. ఒకసారి కలిపితే అలాగే ఉంటాయి. ఒక ఫైలు చేసి పెట్టుకుంటే మరుసటి వారం పదాలు మారిస్తే చాలు. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల) మీటింగ్‌లో లింకు ఇస్తే మిగతావాళ్లూ కాపీ చేసుకుంటారు. మీ బడికి ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ తెర) వచ్చి ఉంటే అదే ఫైలు దాని మీదా తెరుచుకుంటుంది.

నెట్ లేని బడికి లిబ్రే ఆఫీస్ పెట్టుకోండి. అందులో ఒక చిక్కు ఉంది. తెలుగు అక్షరాలు సెలెక్ట్ చేసి ఫాంటు మార్చినా మారలేదని చాలామంది అడుగుతారు. సెట్టింగుల్లో భాషల దగ్గర ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ అనే గడి టిక్ చేయండి. ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకు ఒక ఫాంటు అని అది రెండు చోట్లు ఉంచుతుంది. తెలుగుది ఆ రెండో చోట మార్చాలి.

ఏ టూల్‌లోనైనా రెండు మీటలకు దూరంగా ఉండండి. అక్షరాల మధ్య ఎడం పెంచేది ఒకటి, పదాన్ని వంపు తిప్పేది ఒకటి. కొన్ని టూల్స్ వాటిని నొక్కగానే ఒక్కో అక్షరం, ఒక్కో గుర్తు విడదీసి పేర్చేస్తాయి. ‘స్వాగతం’ని ఇంద్రధనుస్సులా వంచబోతే ‘స్‌ వా గ తం’ అని పొల్లుతో సహా విడిపోయిన బ్యానర్ ఒక బడి గేటు మీద నేనే చూశాను.

ఒత్తుకు మాత్రమే రంగు

వర్డ్‌లో, స్లైడ్స్‌లో ‘క్త’లో ఒత్తును విడిగా సెలెక్ట్ చేయలేరు. చేయగలిగినా రంగు మార్చగానే అక్షరం విడిపోయే ప్రమాదం ఉంది. ఎందుకంటే కంప్యూటర్ దగ్గర ఉన్నది క, పొల్లు, త అనే మూడు. వాటిని కలిపి ‘క్త’గా గీసేది ఫాంటు. మధ్యలో రంగు మారితే ఆ కలయిక తెగుతుంది.

ఇంక్‌స్కేప్‌లో దారి ఉంది. పదం టైప్ చేసి, పెద్ద సైజు పెట్టి, పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కండి. ఇక అది అక్షరం కాదు, బొమ్మ. తర్వాత ‘అన్‌గ్రూప్’ చేస్తే ముక్కలుగా విడిపోతుంది. చాలా ఫాంట్లలో ఒత్తు వేరే ముక్కగానే ఉంటుంది కాబట్టి దాని మీద నొక్కి ఎరుపు వేసేయొచ్చు. కలిసిపోయి ఉంటే ‘బ్రేక్ అపార్ట్’ నొక్కండి. అప్పుడు అక్షరాల పొట్టలు నిండిపోయి భయపెడతాయి, కంగారు పడకండి. ఆ అక్షరానికి చెందిన ముక్కల్ని కలిపి సెలెక్ట్ చేసి ‘కంబైన్’ అంటే పొట్ట మళ్లీ ఖాళీ అవుతుంది. ఒకసారి పాత్‌గా మారితే పదాన్ని సవరించలేరు, కాబట్టి ముందే ఒక కాపీ దాచుకోండి.

ఇంత కష్టం దేనికంటే, ఒత్తుల్లో త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలవు. ‘గ్గ’లో ఒత్తు గకారంలాగే ఉంటుంది, ‘మ్మ’లో ఉండదు. పిల్లలకు దెబ్బ తగిలేది అక్కడే. నేను ఆ ఆరింటినే ఎరుపులో వేసి ఒక చార్టు చేశాను, మిగతావి నల్లగానే ఉంచాను. అన్నిటికీ రంగు వేస్తే కళ్లకి హోలీ తప్ప ఏమీ మిగలదు.

గుణింతం గుర్తుల్ని విడిగా చూపించాలంటే ఇంకో ఇబ్బంది: దీర్ఘం ఒక్కటే టైప్ చేస్తే దానికి ముందు చుక్కల గుండ్రం వచ్చి కూర్చుంటుంది. ఆధారం లేకుండా గుర్తు ఒక్కటే వచ్చిందని చెప్పడానికి అది. ముందు నో బ్రేక్ స్పేస్ కొట్టి దాని మీద గుర్తు కొడితే చాలా చోట్ల గుండ్రం పోతుంది. పోకపోతే ఇంక్‌స్కేప్‌లో ‘కా’ని పాత్‌గా మార్చి ‘క’ని చెరిపేయండి. దీర్ఘం తలకట్టుతో అతుక్కుని ఉంటే కాస్త కోత పడుతుంది.

చుక్కల అక్షరాలు

ఇంగ్లిష్‌కి ఉన్నన్ని చుక్కల ఫాంట్లు తెలుగుకి లేవు, నిజమే. ఇంక్‌స్కేప్‌లో అక్షరానికి లోపలి రంగు తీసేసి, అంచు గీతను చుక్కల గీతగా మారిస్తే బోలు అక్షరం వస్తుంది. పిల్ల ఆ రెండు గీతల మధ్య క్రేయాన్‌తో నింపుతుంది. ఒకటో తరగతి మొదట్లో ఇది బాగుంటుంది. మీరు అడిగిన ఒంటి చుక్కల గీత మాత్రం ఇలా రాదు.

దానికి బదులు నేను చేసేది: అనేక్ తెలుగులోనో, నోటో సాన్స్‌లోనో అన్నిటికంటే సన్నని బరువు తీసుకుని, బూడిద రంగులో పెద్దగా కొడతాను. సన్నని గీత పెన్సిల్ గీతలా ఉంటుంది, పిల్ల దాని మీదే దిద్దుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఎర్ర చుక్క, ఎటు తిప్పాలో బాణం గుర్తు మాస్టర్ కాపీ మీద నా చేత్తోనే పెడతాను.

బూడిద రంగు దగ్గర జాగ్రత్త. మొదటిసారి తెర మీద చూసి ముచ్చటగా ఉందని బాగా లేత రంగు పెట్టాను. ఒక కాపీ ప్రింటు బాగానే వచ్చింది. దాన్ని జిరాక్స్‌కి ఇచ్చి అరవై కాపీలు తీయిస్తే అరవై తెల్ల కాగితాలు వచ్చాయి, పైన ‘పేరు: ........’ అన్న గీత తప్ప. షాపతను డబ్బులు తీసుకున్నాడు, తీసుకోవాలి కూడా. అప్పటి నుంచీ నలుపులో 40 శాతానికి తగ్గను, ముందు ఒకే ఒక్క జిరాక్స్ తీయించి చూసుకుంటాను.

పిల్లల పేర్ల కార్డులు

బెంచీల మీద పేర్లు పెట్టేటప్పుడు రాజ్‌కుమార్ ఉంటాడు. మామూలుగా టైప్ చేస్తే ‘రాజ్కుమార్’ అవుతుంది, జకారం కింద కకారం ఒత్తు పడి. పిల్లాడు తన పేరు తానే గుర్తుపట్టడు. పొల్లు తర్వాత కళ్లకి కనిపించని ఒక అక్షరం పెట్టాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మీ కీబోర్డులో దొరక్కపోతే పైన నేను రాసిన ‘రాజ్‌కుమార్’ నుంచి ‘జ్‌’ తర్వాతి భాగాన్ని కలుపుకుని కాపీ చేసుకుని మిగతాది మార్చుకోండి. వర్క్‌షీట్, ఫ్లాష్‌కార్డ్ లాంటి మాటలకూ ఇదే.

పెద్ద తరగతుల వాళ్లు చదువుతుంటే

మీకు కాదు గానీ, నాలుగు, ఐదు తరగతులు చెప్పేవాళ్లు ఇది చేసి చూడొచ్చు. ఒకే అక్షరాన్ని ఆరు ఫాంట్లలో ప్రింటు తీసి ఇవ్వండి. ఆరిట్లోనూ మారనిది ఏమిటి, మారింది ఏమిటి అని అడగండి. ‘ష’ పొట్టలో గీత అన్నిట్లోనూ ఉందని, తలకట్టు ఆకారం మాత్రం మారిందని వాళ్లే కనిపెడతారు. ఇక్కడ మాత్రం అలంకార ఫాంట్లు ఎంత వింతగా ఉంటే అంత మంచిది. మా ఏడో తరగతి వాళ్లు బజార్లో షాపుల బోర్డులు ఫోటో తీసుకొచ్చి, వాటికి దగ్గరి ఫాంటు వెతికి గోడపత్రిక చేశారు. చేత్తో రాసిన పాత బోర్డులకు ఏ ఫాంటూ సరిపోలేదని వాళ్లే తేల్చారు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి, తెలుగు భాషా దినోత్సవానికి ఇలాంటిది పెట్టుకుంటే ఉపన్యాసాల కంటే బాగా గడుస్తుంది.

పదాలను మేఘంలా పేర్చి బొమ్మ చేసే వర్డ్ క్లౌడ్ సైట్లతో జాగ్రత్త. వాటిలో కొన్నిటికి తెలుగు గుణింతం గుర్తు అక్షరంలో భాగమని తెలియదు. గుర్తు దగ్గర పదం అయిపోయిందనుకుని నరికేస్తాయి. ఏఐతో పోస్టర్ చేయించి అందులోనే తెలుగు రాయమంటే నాకు లేని అక్షరాలు కూడా పుట్టాయి. బొమ్మ మాత్రమే చేయించుకుని, పదం మీరు పైన వేసుకోండి.

లైసెన్సు గురించి అడగలేదు గానీ ఒక్క ముక్క. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న ఈ తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సువి. ప్రింటు తీయండి, పంచండి, ఎవరూ ఏమీ అనరు, ఫాంటునే విడిగా అమ్మకూడదు, అంతే. మిగతా సైట్లలో ‘పర్సనల్ యూజ్‌కి ఉచితం’ అని ఉంటే అది వేరే సంగతి, బడి పేరుతో పుస్తకం వేసేటప్పుడు ఆలోచించుకోవాలి.

మీ దగ్గర కంప్యూటర్ లేక ఫోన్ ఒక్కటే ఉందంటే ఇంక్‌స్కేప్ కుదరదు. అప్పుడు కార్డులన్నీ ఫోన్ స్లైడ్స్ యాప్‌లోనే చేయండి. ఫాంట్ల జాబితాలో తెలుగువి కనిపించకపోతే ఒక్కసారి ఎవరి కంప్యూటర్‌లోనైనా ఫైలు తెరిచి ఫాంటు పెట్టించుకుంటే, ఆ తర్వాత పదాలు ఫోన్‌లోనే మార్చుకోవచ్చు. ఆరు ఒత్తుల ఎర్ర చార్టు పీడీఎఫ్ నా దగ్గర ఉంది, కావాలంటే ఇక్కడే చెప్పండి, లింకు పెడతాను. మీ వాచకంలో రావత్తు ఎటు వైపు ఉందో చూసి చెప్తే దాన్ని బట్టి ఫాంటు మార్చి ఇస్తాను.